ఆటోమేటిక్ కారు ‘పార్క్’లో స్టార్ట్ కావడం లేదా? గేర్‌బాక్స్ మీది చిన్న స్విచ్‌ను ఇంట్లో మార్చుకోవడం ఎలా?

బ్యాటరీ బాగానే ఉంది. డ్యాష్‌బోర్డు మీద లైట్లన్నీ వెలుగుతున్నాయి. తాళం తిప్పితే మాత్రం స్టార్టర్ మోటార్ నుంచి చప్పుడు రాదు. గేర్ లివర్‌ను ‘పీ’ నుంచి ‘ఎన్’కు జరిపి మళ్లీ తాళం తిప్పగానే ఇంజిన్ అందుకుంటుంది.

ఆటోమేటిక్ గేర్లున్న కార్లలో, ముఖ్యంగా కొన్నేళ్లు తిరిగిన వాటిలో, ఈ లక్షణం కనిపిస్తే అనుభవమున్న మెకానిక్ మొదట అనుమానించేది గేర్‌బాక్స్ మీద బిగించి ఉండే ఒక స్విచ్‌ను. అది అరచేతిలో ఇమిడేంత ఉంటుంది. దాన్ని మార్చడానికి గేర్‌బాక్స్‌ను కిందికి దించాల్సిన పని లేదు. చాలా మోడళ్లలో రెండు బోల్టులు, ఒకటి రెండు నట్లు, ఒక కనెక్టర్ విప్పితే చేతికి వచ్చేస్తుంది.

అందుకే పనిముట్లు పట్టడం తెలిసిన కారు యజమానులు దీన్ని ఇంటి దగ్గరే మార్చుకుంటుంటారు. అయితే ఇది కారు ఎప్పుడు కదలాలో, ఎప్పుడు కదలకూడదో నిర్ణయించే భాగం. విప్పి బిగించడం తేలికే. సరైన చోట నిలబెట్టి బిగించడమే అసలు పని.

ఈ స్విచ్ ఏం చేస్తుంది?

కంపెనీని బట్టి దీని పేరు మారుతుంది. న్యూట్రల్ సేఫ్టీ స్విచ్, ఇన్‌హిబిటర్ స్విచ్, పార్క్ న్యూట్రల్ పొజిషన్ స్విచ్, ట్రాన్స్‌మిషన్ రేంజ్ సెన్సర్ అనేవి దాదాపు ఒకే పని చేసే భాగానికి ఉన్న పేర్లు. విడిభాగాల దుకాణంలో అడిగేటప్పుడు ఈ పేర్లన్నీ తెలిసి ఉండటం మంచిది.

డ్రైవర్ లివర్‌ను కదిపినప్పుడు దాని కింద ఉన్న కేబుల్ లాగుతుంది. ఆ కేబుల్ గేర్‌బాక్స్ మీది చిన్న లివర్‌ను, దానితో పాటు గేర్‌బాక్స్‌లోకి వెళ్లే ఒక షాఫ్ట్‌ను తిప్పుతుంది. స్విచ్ ఆ షాఫ్ట్‌కే తొడిగి ఉంటుంది. షాఫ్ట్ ఎంత తిరిగిందో దాన్ని బట్టి స్విచ్ లోపలి కాంటాక్టులు మారుతూ, గేర్ ఎక్కడుందో కారుకు చెబుతాయి.

ఆ సమాచారంతో నాలుగు పనులు జరుగుతాయి. ‘పీ’, ‘ఎన్’లలో మాత్రమే స్టార్టర్‌కు కరెంటు వెళ్తుంది. ‘ఆర్’లో వెనక తెల్ల లైట్లు వెలుగుతాయి. డ్యాష్‌బోర్డు మీద గేర్ అక్షరం కనిపిస్తుంది. గేర్‌బాక్స్‌ను నడిపే కంప్యూటర్ దీన్ని బట్టి ఏ గేరు వేయాలో నిర్ణయించుకుంటుంది.

పాత కార్లలో స్టార్టర్ కరెంటు నేరుగా ఈ స్విచ్ గుండానే వెళ్లేది. ఇప్పటి కార్లలో చాలావరకు స్విచ్ కబురు మాత్రమే పంపిస్తుంది. దాన్ని చూసి కంప్యూటర్ స్టార్టర్ రిలేను పనిచేయిస్తుంది.

దీని వెనక ఒక చట్టం కూడా ఉంది

అమెరికాలో 1968 నుంచి అమల్లో ఉన్న మోటారు వాహన భద్రతా ప్రమాణాల్లో 102వది ఈ విషయం గురించే. ఆటోమేటిక్ వాహనంలో గేర్ ముందుకు వెళ్లే స్థానంలోగానీ వెనక్కు వెళ్లే స్థానంలోగానీ ఉన్నప్పుడు స్టార్టర్ పనిచేయకూడదని అది చెబుతుంది.

కారణం సులువుగానే అర్థమవుతుంది. ఆటోమేటిక్ కారులో క్లచ్ పెడల్ ఉండదు. ‘డీ’లో ఉన్న కారు స్టార్ట్ అయితే, యాక్సిలరేటర్ తొక్కకపోయినా బ్రేక్ మీద కాలు లేని క్షణంలో అది ముందుకు పాకుతుంది. ముందు గోడ ఉండొచ్చు, మనిషి ఉండొచ్చు.

లివర్ ఒక చోట, గేర్‌బాక్స్ మరో చోట ఉంటే ఏమవుతుందో అమెరికాలోనే 1970లలో తెలిసొచ్చింది. పార్క్‌లో పెట్టామనుకున్న ఫోర్డ్ వాహనాలు రివర్స్‌లోకి జారుతున్నాయని వేల ఫిర్యాదులు వచ్చాయి. 1980 చివర్లో ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం ప్రకారం దాదాపు 2.3 కోట్ల వాహనాల యజమానులకు కంపెనీ హెచ్చరిక స్టిక్కర్లు పంపింది. అక్కడి లోపం ఈ స్విచ్‌ది కాదు. అయినా లివర్, గేర్‌బాక్స్ ఒకే మాట చెప్పడం ఎంత ముఖ్యమో ఆ ఉదంతం చూపించింది.

ఎందుకు పాడవుతుంది?

స్విచ్ లోపల ఉండేవి ప్లాస్టిక్ చక్రం, రాగి కాంటాక్టులు. రోజుకు పదుల సార్లు కదిలే ఈ కాంటాక్టులు ఏళ్లు గడిచేకొద్దీ అరుగుతాయి. అందరూ ఎక్కువగా వాడే ‘పీ’, ‘డీ’ల దగ్గర అరుగుదల ముందుగా కనిపిస్తుంది.

మన వాతావరణంలో మరికొన్ని కారణాలు తోడవుతాయి. వర్షాకాలంలో మోకాలి లోతు నీళ్లలో నడిపిన కారులో స్విచ్‌లోకి, కనెక్టర్‌లోకి తేమ చేరి చిలుము పడుతుంది. ఇంజిన్‌ను వాటర్ జెట్‌తో కడిగించినా అదే జరగొచ్చు. బానెట్ కింద చేరిన ఎలుకలు వైర్లు కొరకడం మన ఊళ్లలో కొత్త కాదు. గేర్‌బాక్స్ షాఫ్ట్ సీల్ అరిగితే ఆయిల్ స్విచ్‌లోకి కారుతుంది.

ఒక్కోసారి స్విచ్ బాగానే ఉంటుంది, కేబుల్ సాగుతుంది. అప్పుడు లివర్ ‘పీ’లో ఉన్నా గేర్‌బాక్స్ షాఫ్ట్ పూర్తిగా ‘పీ’కి చేరదు. లక్షణాలు మాత్రం స్విచ్ చెడినట్టే ఉంటాయి.

ఏ లక్షణాలు కనిపిస్తాయి?

- ‘పీ’లో స్టార్ట్ కాదు, ‘ఎన్’లో అవుతుంది. లేదా లివర్‌ను అటూ ఇటూ కదిపితే అవుతుంది.
- రివర్స్ వేసినా వెనక తెల్ల లైటు వెలగదు. లేదా రివర్స్‌లో లేనప్పుడు కూడా వెలుగుతుంది.
- డ్యాష్‌బోర్డు మీద గేర్ అక్షరం మాయమవుతుంది, మిణుకుమంటుంది, లేదా తప్పు అక్షరం చూపిస్తుంది.
- కారు ఒకే గేరులో చిక్కుకుపోతుంది. వేగం అందుకోదు, గేర్లు మారవు.
- ‘డీ’లోగానీ ‘ఆర్’లోగానీ ఉండగా స్టార్ట్ అవుతుంది.

చివరి లక్షణం కనిపిస్తే ఆ కారును మరమ్మతు అయ్యేదాకా వాడకూడదు. మిగతావి ఇబ్బంది పెడతాయి, ఇది మనుషుల మీదికి వస్తుంది.

లివర్ ‘పీ’ నుంచి బయటికే రాకపోవడం మాత్రం వేరే సమస్య. బ్రేక్ తొక్కితేనే లివర్ కదిలేలా చేసే షిఫ్ట్ లాక్ దగ్గరగానీ, బ్రేక్ లైట్ స్విచ్ దగ్గరగానీ లోపం ఉండొచ్చు. కారు వెనక బ్రేక్ లైట్లు వెలుగుతున్నాయో లేదో ముందు చూసుకోవాలి.

కొత్తది కొనే ముందు చేయాల్సిన పరీక్షలు

1. బ్యాటరీ. ఇంజిన్ ఆపి కొన్ని గంటలు గడిచాక మల్టీమీటర్‌తో కొలిస్తే పూర్తి చార్జి ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది. స్టార్ట్ చేసేటప్పుడు టకటకమని చప్పుడు వస్తూ లైట్లు మసకబారితే లోపం బ్యాటరీదో దాని టెర్మినళ్లదో అయ్యే అవకాశం ఎక్కువ. స్విచ్ చెడితే సాధారణంగా చప్పుడే ఉండదు, లైట్లు కూడా మసకబారవు.

2. బ్రేక్ లైట్లు. బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్లలో బ్రేక్ తొక్కినట్టు కంప్యూటర్‌కు తెలియకపోతే ఇంజిన్ స్టార్ట్ కాదు.

3. ‘ఎన్’ పరీక్ష. బ్రేక్ గట్టిగా తొక్కి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ‘ఎన్’లో ప్రయత్నించాలి. అక్కడ స్టార్ట్ అయితే స్టార్టర్ మోటార్, దాని రిలే బాగున్నాయని అర్థం. ఇక మిగిలేది స్విచ్, దాని కనెక్టర్, కేబుల్.

4. కోడ్‌లు. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కు చిన్న స్కానర్ తగిలించి ఫోన్‌లో చూడొచ్చు. పీ0705 నుంచి పీ0709 వరకు ఉన్న కోడ్‌లు ఈ రేంజ్ సెన్సర్ సర్క్యూట్‌వే. పీ0705 సర్క్యూట్ లోపాన్ని, పీ0706 అందుతున్న సమాచారం పొంతన లేకుండా ఉండటాన్ని, పీ0709 వస్తూ పోతూ ఉండే లోపాన్ని సూచిస్తాయి. పీ0850 కోడ్ పార్క్ న్యూట్రల్ స్విచ్ ఇన్‌పుట్‌కు సంబంధించినది. చవక స్కానర్లు ఇంజిన్ కోడ్‌లు మాత్రమే చూపించి గేర్‌బాక్స్ కోడ్‌లు వదిలేయొచ్చు.

5. కనెక్టర్. తాళం తీసేసి కనెక్టర్ ఊడదీసి లోపల పచ్చటి చిలుము, తడి, ఆయిల్, వంగిన పిన్నులు ఉన్నాయేమో చూడాలి. కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేసి మళ్లీ తగిలిస్తే చాలా సందర్భాల్లో పని అక్కడితోనే ముగుస్తుంది.

6. మల్టీమీటర్. కనెక్టర్ ఊడదీసి ఉండగానే, స్విచ్ వైపు ఉన్న పిన్నుల్లో స్టార్టర్‌కు సంబంధించిన జత మధ్య కంటిన్యుటీ చూడాలి. ‘పీ’, ‘ఎన్’లలో మీటర్ బీప్ మనాలి, మిగతా చోట్ల అనకూడదు. ఏ జత పిన్నులో ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. ఊహించి పెట్టకూడదు.

మీటర్ బీప్‌లు సరిగ్గా ఉంటే స్విచ్ మంచిదే. కొత్తది కొనడం వృథా. వైరింగ్‌నో కేబుల్‌నో చూపించుకోవాలి.

అన్ని ఆటోమేటిక్ కార్లలోనూ ఇది కుదురుతుందా?

కుదరదు. భారత్‌లో ‘ఆటోమేటిక్’ అనే ఒక్క మాట కింద కనీసం నాలుగు రకాల గేర్‌బాక్స్‌లు అమ్ముడవుతున్నాయి.

టార్క్ కన్వర్టర్ ఉన్న సంప్రదాయ ఆటోమేటిక్‌లలో, కొన్ని సీవీటీలలో ఈ స్విచ్ గేర్‌బాక్స్ బయట ఉంటుంది. మారుతీ సుజుకీ పాత ఎర్టిగా, సియాజ్‌ల 4 స్పీడ్ ఆటోమేటిక్‌లు, టొయోటా కరోలా తరహా కార్లు ఈ కోవలోవి. ఇంట్లో చేయదగిన పని ఇలాంటి వాటిలోనే.

2014లో సెలెరియోతో మన మార్కెట్‌లోకి వచ్చిన ఏఎంటీ వేరే రకం. అది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్‌ను, గేర్లను యంత్రం కదుపుతుంది. గేర్ స్థానాన్ని యాక్చుయేటర్ సెన్సర్లు చెబుతాయి. భాగం మారిస్తే సాఫ్ట్‌వేర్‌కు కొత్తగా నేర్పించాలి. డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్‌లలో సెన్సర్లు చాలావరకు గేర్‌బాక్స్ లోపలో, లివర్ యూనిట్‌లోనో ఉంటాయి. కేబుల్ లేకుండా నాబ్‌తోనో బటన్‌తోనో గేర్ మార్చే కార్లలోనూ అంతే. వీటిని వర్క్‌షాప్‌కు వదిలేయాలి.

టార్క్ కన్వర్టర్ కార్లలోనూ కొన్నిటికి రేంజ్ సెన్సర్ గేర్‌బాక్స్ లోపల, ఆయిల్ పాన్ పైన ఉంటుంది. అవి కూడా ఇంటి పని కాదు. ఇన్నోవా, ఫార్చ్యూనర్ లాంటి వెనక చక్రాలు తిరిగే వాహనాల్లో స్విచ్ గేర్‌బాక్స్ పక్కన, కారు కింద ఉంటుంది. సరైన స్టాండ్లు లేకుండా జాక్ ఒక్కదాన్నే నమ్మి కారు కిందకు దూరకూడదు.

వారంటీ ఇంకా ఉన్న కారైతే మొదట కంపెనీ సర్వీస్ సెంటర్‌కు వెళ్లడమే లాభం.

విడిభాగం, పనిముట్లు

స్విచ్ కొనేటప్పుడు మోడల్ పేరు, సంవత్సరం చెబితే సరిపోదు. ఒకే కారులో రెండు రకాల గేర్‌బాక్స్‌లు వచ్చి ఉండొచ్చు. 17 అక్షరాలూ అంకెలూ ఉండే చాసిస్ నంబరుతో పార్ట్ నంబరు నిర్ధారించుకోవాలి. విప్పిన పాత స్విచ్ మీది నంబరుతో పోల్చుకోవాలి. విజయవాడ ఆటోనగర్‌లో కొన్నా, ఢిల్లీ కశ్మీరీ గేట్ మార్కెట్ నుంచి తెప్పించినా, ఆన్‌లైన్‌లో ఆర్డరిచ్చినా ఇదే నియమం. తుక్కు కారు నుంచి తీసిన పాత స్విచ్ చవకగా దొరికినా అదీ అన్నేళ్లూ అరిగిందే.

పనిముట్లు: 10, 12, 14 ఎంఎం సాకెట్లు, రాచెట్, చిన్న టార్క్ రెంచ్, చదును స్క్రూడ్రైవర్, మల్టీమీటర్, కాంటాక్ట్ క్లీనర్, మార్కర్, చక్రాల కింద పెట్టడానికి చెక్క దిమ్మెలు. ఫోటోలు తీయడానికి ఫోన్ ఎలాగూ ఉంటుంది.

విప్పడం ఎలా?

1. కారు చదునైన నేల మీద ఉండాలి. ఈ పనిలో గేర్‌బాక్స్‌ను న్యూట్రల్‌లోకి తేవాలి. అప్పుడు పార్క్ తాళం కారును పట్టి ఉంచదు. అందుకే హ్యాండ్‌బ్రేక్ వేసి, చక్రాలకు రెండు వైపులా దిమ్మెలు పెట్టాలి. ఎలక్ట్రానిక్ హ్యాండ్‌బ్రేక్ అయితే బ్యాటరీ తీయక ముందే వేయాలి.

2. ఇంజిన్ చల్లారాలి. కనీసం గంటసేపు ఆగడం మంచిది.

3. బ్యాటరీ ఉండగానే లివర్‌ను ‘ఎన్’లో పెట్టాలి. బ్యాటరీ తీసేశాక షిఫ్ట్ లాక్ వల్ల లివర్ కదలకపోవచ్చు. తాళంతో నడిచే కార్లలో ‘ఎన్’లో ఉండగా తాళం బయటికి రాదు, దానికి కంగారు పడక్కర్లేదు. తాళాన్ని ఆఫ్ వైపుకు వెళ్లినంత తిప్పి వదిలేస్తే చాలు.

4. బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసేయాలి. ముందు చక్రాలు తిరిగే కార్లలో స్విచ్ సాధారణంగా బ్యాటరీ ట్రే కిందో, ఎయిర్ ఫిల్టర్ డబ్బా కిందో, గేర్‌బాక్స్ పైభాగంలో ఉంటుంది. అడ్డొచ్చే వాటిని తీసి పక్కన పెట్టాలి.

5. ఏదైనా విప్పక ముందు నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీయాలి. పాత స్విచ్ బోల్టులు తమ పొడుగాటి రంధ్రాల్లో ఎక్కడ నిలిచి ఉన్నాయో మార్కర్‌తో గీత పెట్టుకోవాలి.

6. కనెక్టర్ లాక్ నొక్కి ఊడదీయాలి. వైర్లు పట్టి లాగకూడదు.

7. కేబుల్ చివరను చిన్న లివర్ నుంచి విడదీయాలి. కొన్నిటికి నట్టు, కొన్నిటికి క్లిప్పు ఉంటుంది. కేబుల్‌ను మడవకూడదు.

8. లివర్‌ను షాఫ్ట్‌కు పట్టి ఉంచే నట్టు విప్పేటప్పుడు లివర్‌ను రెండో చేత్తో గట్టిగా పట్టుకోవాలి. పట్టుకోకపోతే ఆ బలమంతా షాఫ్ట్ గుండా గేర్‌బాక్స్ లోపలి భాగాల మీద పడుతుంది.

9. కొన్ని మోడళ్లలో లివర్ కింద మరో నట్టు, దాన్ని కదలకుండా పట్టే వాషర్ ఉంటాయి. వాషర్ చెవులను స్క్రూడ్రైవర్‌తో నెమ్మదిగా చదును చేసి నట్టు తీయాలి.

10. రెండు బోల్టులు తీసి స్విచ్‌ను షాఫ్ట్ వెంట నిటారుగా పైకి లాగాలి. షాఫ్ట్ చుట్టూ ఆయిల్ తడి కనిపిస్తే సీల్ కూడా మార్పించాలి. లేకపోతే కొత్త స్విచ్ కూడా తొందరగా పోతుంది.

అసలు కీలకం: న్యూట్రల్ అమరిక

స్విచ్ బోల్టుల రంధ్రాలు గుండ్రంగా కాకుండా పొడుగ్గా ఉండటానికి కారణముంది. స్విచ్‌ను కొద్ది డిగ్రీలు అటూ ఇటూ తిప్పి సరిచేసుకునే వీలు కోసమే అలా పెట్టారు. ఆ కొద్ది డిగ్రీల తేడాతోనే ‘ఆర్’ అంచులో కారు స్టార్ట్ అయిపోవచ్చు, లేదా ‘పీ’లో కాకపోవచ్చు.

దాదాపు అన్ని కంపెనీలూ ఈ అమరికకు ఎంచుకున్న స్థానం న్యూట్రలే.

ముందు షాఫ్ట్ నిజంగా ‘ఎన్’లో ఉందని నిర్ధారించుకోవాలి. షాఫ్ట్‌ను ‘పీ’ వైపు చివరిదాకా తిప్పి, అక్కడి నుంచి రెండు క్లిక్కులు వెనక్కి రావాలి. మొదటి క్లిక్కు ‘ఆర్’, రెండోది ‘ఎన్’. ‘పీ’ ఏ వైపో మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి మాన్యువల్ చూసుకోవాలి. దీనికి లివర్‌ను షాఫ్ట్ మీద వదులుగా తొడిగి చేత్తో తిప్పితే చాలు, ప్లయర్లతో షాఫ్ట్‌ను పట్టకూడదు.

తర్వాత స్విచ్‌ను ఆ ‘ఎన్’కు సరిపోయేలా నిలపాలి. ఇక్కడ కంపెనీకో పద్ధతి ఉంది.

- టొయోటా కార్లలో స్విచ్ మీద ఒక న్యూట్రల్ గీత, దాని పక్కన ఒక గాడి ఉంటాయి. రెండూ ఒకే వరుసలోకి రావాలి.
- హోండా మోడళ్లు కొన్నిటిలో స్విచ్ మీది రెండు కోతలను ఎదురెదురుగా తెచ్చి, వాటిలో 2 ఎంఎం ఫీలర్ గేజ్ రేకు పెట్టి పట్టి ఉంచాలి.
- నిస్సాన్ మోడళ్లు కొన్నిటిలో లివర్ రంధ్రం, స్విచ్ రంధ్రం కలిసేలా 4 ఎంఎం పిన్ను దూర్చాలి.
- మిత్సుబిషి, పాత హ్యుందాయ్ గేర్‌బాక్స్‌లలో ఇదే తరహాలో లివర్ చివరి రంధ్రాన్ని స్విచ్ అంచు మీది రంధ్రంతో కలపాలి.

కొత్త స్విచ్‌లు కొన్ని ఒక ప్లాస్టిక్ పిన్నుతో ‘ఎన్’లోనే బిగించి వస్తాయి. బోల్టులు బిగిసేదాకా ఆ పిన్ను తీయకూడదు. బిగించాక తీయడం మరవకూడదు.

స్విచ్‌ను తొడిగి, రెండు బోల్టులను చేతి వేళ్లతో మాత్రమే తిప్పి, అమరిక చూసుకుని, అప్పుడు బిగించాలి. బిగించేటప్పుడు స్విచ్ కదిలిందేమో మరోసారి చూడాలి. ఈ బోల్టులకు పెద్ద బలం అక్కర్లేదు. టొయోటా గేర్‌బాక్స్‌లు కొన్నిటిలో ఇవి 5.4 న్యూటన్ మీటర్లే. అదే కంపెనీ కార్లలో చక్రం నట్లకు చెప్పేది 103. చక్రం నట్టు బిగించిన చేత్తో వీటిని బిగిస్తే స్విచ్ ప్లాస్టిక్ చిట్లుతుంది, లేదా గేర్‌బాక్స్ అల్యూమినియం మరలు పోతాయి.

ఆ తర్వాత లివర్, కేబుల్, కనెక్టర్, చివరగా బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ విప్పిన క్రమానికి వెనక నుంచి బిగించాలి. చదును చేసిన వాషర్ చెవులను మళ్లీ నట్టు మీదికి వంచాలి. కేబుల్‌ను లివర్ పిన్నుకు తగిలించేటప్పుడు లాగి సాగదీయాల్సి వస్తే కేబుల్ సర్దుబాటు కూడా అవసరమని అర్థం.

బిగించాక ఏం పరీక్షించాలి?

పని అయిపోయిందని తేల్చేది ఇంజిన్ స్టార్ట్ కావడం కాదు. స్టార్ట్ కాకూడని చోట కాకపోవడం కూడా చూడాలి.

కారు ముందు, వెనక ఎవరూ ఉండకూడదు. పిల్లలను ఇంట్లోకి పంపించాలి. చక్రాల దిమ్మెలు అలాగే ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్రేక్ పెడల్‌ను గట్టిగా తొక్కి పట్టుకుని ఒక్కో స్థానంలో ప్రయత్నించాలి.

- ‘పీ’: స్టార్ట్ కావాలి.
- ‘ఆర్’: స్టార్ట్ కాకూడదు. తాళం ఆన్‌లో ఉంటే వెనక తెల్ల లైటు వెలగాలి.
- ‘ఎన్’: స్టార్ట్ కావాలి.
- ‘డీ’, దాని తర్వాతి స్థానాలు: స్టార్ట్ కాకూడదు.

ప్రతి స్థానంలో డ్యాష్‌బోర్డు మీది అక్షరం లివర్ పక్కన ఉన్న అక్షరంతో కలవాలి. ‘ఆర్’లోనో ‘డీ’లోనో స్టార్ట్ అయితే కారును కదిలించకుండా మళ్లీ అమరిక దగ్గరికి వెళ్లాలి.

అన్నీ సరిపోతే స్కానర్‌తో పాత కోడ్‌లు చెరిపేయాలి. దిమ్మెలు తీసి, ఖాళీ స్థలంలో కొద్ది దూరం నడిపి గేర్లు మారుతున్నాయో చూడాలి. చివరగా కొద్దిపాటి వాలులో ‘పీ’లో పెట్టి, బ్రేక్ మీద నుంచి కాలు నెమ్మదిగా తీస్తూ కారు నిలబడుతుందో లేదో గమనించాలి. కొన్ని కొత్త మోడళ్లలో స్విచ్ మార్చాక కంపెనీ స్కానర్‌తో కొత్త స్థానాన్ని నమోదు చేయించాలి. అది ఉందో లేదో భాగం కొనే ముందే కనుక్కోవాలి.

‘డైరెక్ట్’ చేసేస్తే ఏమవుతుంది?

కొత్త స్విచ్ దొరకడానికి రోజులు పట్టేటప్పుడు కొన్ని షెడ్లలో వినిపించే మాట ‘డైరెక్ట్ చేసేద్దాం సార్’. అంటే స్విచ్‌కు వెళ్లే రెండు వైర్లను ఒక ముక్క వైరుతో కలిపేయడం. పది నిమిషాల్లో కారు స్టార్ట్ అవుతుంది, ఖర్చు కూడా పెద్దగా ఉండదు.

అక్కడి నుంచి ఆ కారు ఏ గేర్‌లో ఉన్నా స్టార్ట్ అవుతుంది. ఆ సంగతి డైరెక్ట్ చేయించుకున్న యజమానికి గుర్తుంటుంది. కారు తీసుకెళ్లే కొడుక్కో, వ్యాలే పార్కింగ్ కుర్రాడికో, రెండేళ్ల తర్వాత కొనుక్కున్నవారికో తెలియదు. ఇంటి ముందు గేటుకు అడుగు దూరంలో ‘డీ’లో ఆగిపోయిన కారును, బయట నిలబడి కిటికీలోంచి చెయ్యి పెట్టి తాళం తిప్పినా అది కదులుతుంది.

కొత్త స్విచ్ వచ్చేదాకా నెట్టుకు రావడానికి అంతకంటే మంచి దారి ఉంది. ‘ఎన్’లో స్టార్ట్ అవుతుంటే, హ్యాండ్‌బ్రేక్ వేసి, బ్రేక్ తొక్కి, ‘ఎన్’లోనే స్టార్ట్ చేసుకోవాలి. ఎక్కడా స్టార్ట్ కాకపోతే రోడ్‌సైడ్ అసిస్టెన్స్‌కు ఫోన్ చేయాలి. లాగించేటప్పుడు తిరిగే చక్రాలు నేల మీద లేకుండా ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించమని చెప్పాలి. ఇంజిన్ ఆగి ఉండగా ఆటోమేటిక్ కారును తాడుతో లాగితే గేర్‌బాక్స్‌కు ఆయిల్ అందక దెబ్బతింటుంది.

మాన్యువల్ ఎందుకు దొరకదు?

ఈ పనిలో ప్రతి మలుపులోనూ సర్వీస్ మాన్యువల్ అవసరం పడుతుంది. పిన్నుల జత, ‘పీ’ దిశ, బోల్టు బిగువు అన్నీ అందులోనే ఉంటాయి. కారుతో పాటు ఇచ్చే యజమాని పుస్తకంలో ఇవి ఉండవు.

ఈ విషయం భారత్‌లో చట్టపరమైన వివాదంగా కూడా మారింది. విడిభాగాలను, మరమ్మతు సమాచారాన్ని, డయాగ్నస్టిక్ పరికరాలను బయటి గ్యారేజీలకు అందనివ్వడం లేదంటూ కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 2014 ఆగస్టులో 14 కార్ల కంపెనీలకు మొత్తం రూ.2,544.65 కోట్ల జరిమానా విధించింది. కంపెనీలు ఆ ఉత్తర్వును సవాలు చేశాయి.

2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘మరమ్మతు హక్కు’ మీద ఒక కమిటీ వేసింది. మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వ్యవసాయ పరికరాలతో పాటు ఆటోమొబైల్ రంగాన్నీ అందులో చేర్చింది. అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ ప్రారంభించింది.

సమాచారం అందకపోతే మరమ్మతులు ఆగిపోవు, ఊహ మీద జరుగుతాయి. ‘డైరెక్ట్’ లాంటి అడ్డదారులకు అది కూడా ఒక కారణం.

సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కొనేవారికి

పాత ఆటోమేటిక్ కారు కొనేవారు టైర్లు, పెయింటు, కిలోమీటర్లు చూస్తారు. ఈ స్విచ్‌ను పరీక్షించడానికి ఒక్క నిమిషం చాలు. బ్రేక్ గట్టిగా తొక్కి, హ్యాండ్‌బ్రేక్ వేసి, ముందూ వెనకా ఖాళీ ఉందని చూసుకుని ‘పీ’, ‘ఆర్’, ‘ఎన్’, ‘డీ’లలో వరుసగా స్టార్ట్ చేసి చూడాలి. రివర్స్ లైటును ఒకరిని వెనక పక్కగా నిలబెట్టి చూడమనాలి.

‘పీ’లో కాకపోతే స్విచ్‌దో కేబుల్‌దో ఖర్చుందని ధర తగ్గించమని అడగొచ్చు. ‘డీ’లో స్టార్ట్ అయితే ఎవరో వైర్లు కలిపేసి ఉండొచ్చు, లేదా స్విచ్‌ను తప్పుగా బిగించి ఉండొచ్చు. అది సరిచేసి చూపించేదాకా బయానా ఇవ్వకపోవడం మంచిది.